నారుమడికి ఏ కప్పు మేలు?

(పామిడి మండల గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)



టమాట, మిరప పండించు రైతుల కొరకు గ్రామమున ఉమ్మడి నారుమడి పెట్టదలచిన పంచాయతీ మొట్టమొదట తేల్చుకొనవలసినది దానిపై వేయు కప్పును గూర్చి. కప్పు తగనిదైనచో నారు చెడును. నారు చెడినచో ఆ రైతుకు ఆ కారు పంటయే పోవును.

చలిదేశములందు అద్దపు కప్పు వాడుకలో నున్నది. ఐరోపా తోటమాలులు చెక్కపెట్టెపై పాత కిటికీ అద్దము మూతగా నుంచి నారు పెంచెదరు. అద్దము ఎండను లోనికి రానిచ్చి, లోపలి వేడిమిని వెలుపలికి పోనీయదు. మంచు కురియు చోట అది వరమే. 1889లో శంకుస్థాపన జరిగిన బెంగుళూరు లాల్‌బాగ్ గాజుమేడను మనలో పలువురు చూచియుందురు. అది పుష్పప్రదర్శనల మేడ; మన నారుమడికి మాదిరి కాదు. వేసవిలో 40 డిగ్రీలు మించు ఎండగల మన మెట్టసీమలో వేడిమిని దాచుట గాక, తగ్గించుటయే మన అవసరము. పైగా 4 మిల్లీమీటర్ల అద్దము చదరపు మీటరునకు 10 కిలోలు తూగును. దానిని మోయు చట్రమునకే సొమ్మంతయు సరిపోవును.

పాలిథిన్ పట్ట తేలిక, వానను ఆపును. కాని నలువైపుల మూసినచో మన ఎండలో లోపల ఆవము వలె కాగును. కావున పట్టను నిత్యపు కప్పుగా వాడరాదు. వెదురు బద్దలను విల్లువలె మడులపై వంచి, జడివాన కురియునపుడు మాత్రము పట్ట కప్పి, వాన వెలిసిన వెంటనే తీయవలెను.

మనకు తగిన పైకప్పు నీడవల. సగము ఎండను ఆపు 50 శాతము వల నారుకు చాలును. 75 శాతము వల క్రింద మొక్కలు వెలుతురు చాలక సాగి, పాలిపోవును. నాటుటకు వారము ముందునుండి నారును క్రమముగా ఎండకు అలవాటు చేయవలెను.

ప్రక్కల కట్టవలసిన వల వేరు. టమాటకు, మిరపకు ఆకుముడత తెగులును మోసుకొని వచ్చునది తెల్లదోమ. లేతనాడే తెగులు సోకిన మొక్క పొలమున ఎంత నీరు పెట్టినను కాయదు. బోరునీటిని బొట్టుబొట్టుగా వాడుకొను రైతుకు ఇంతకు మించిన నష్టమేమి? అందుచేత అంగుళమునకు 40 కన్నులుగల పురుగుల వలను నాలుగు ప్రక్కలను, పైన నీడవల క్రిందను కట్టి, రెండు తలుపులు ఒకదాని వెనుక నొకటి పెట్టవలెను. ఈ వలతో గాలి మందగించును గనుక పందిరి ఎత్తుగా నుండవలెను.

సరకు కొనునపుడు సభ్యులే పరీక్షింపవచ్చును. వలపై అంగుళము కొలిచి కన్నులు లెక్కించుడు. 200 మైక్రాన్ల పట్టయైనచో నూరు చదరపు మీటర్లకు సుమారు 18 కిలోలు తూగవలెను. 12 కిలోలే తూగినచో అది పలుచని సరకు. పట్టయైనను వలయైనను అతినీలలోహిత కిరణములకు తాళునదిగా తయారైనదని బిల్లుపై వ్రాయించుకొనుడు. అట్లు తయారుకాని పాలిథిన్ మన ఎండకు ఏడాదియైనను నిలువక పెళుసెక్కి చినుగును.

ఇక గాలి. మన జిల్లా మెట్టలపై గాలిమరలు నిలిపినది ఇచటి గాలి బలమును చూచియే గదా! ఆషాఢ శ్రావణముల గాలికి వదులుగానున్న వల రెపరెపలాడి చిరుగును. స్తంభములను లోతుగా పాతి, వలను బిగించి, ప్రతి నెలయు కట్లు సరిచూడవలెను.

2014-15లో ప్రారంభమైన సమగ్ర ఉద్యానవన అభివృద్ధి మిషన్ నీడవల పందిళ్లకు రాయితీకి వీలు కల్పించినది. పని మొదలిడక ముందే ఉద్యానశాఖ వారిని సంప్రదించుడు. గ్రామసభలో తీర్మానించి, పందిరి సంరక్షణభారము ఎవరిదో అందే నిర్ణయించుడు. పరుల ఊరి కప్పు ఎంత సొగసైనను, మన ఎండకు, మన గాలికి తాళు కప్పే మనకు మేలు.