జీతపు బల్లయెదుట నిలిచిన సేన



ఒక చరిత్రాధ్యాపకుని స్మృతికై వెలసిన యీ యుపన్యాసపీఠమునుండి, ఆరుబయట పచ్చికమైదానములలో జరుగుచున్న యొక చరిత్రాధ్యయనమును గూర్చి విన్నవింప దలచితిని. అమెరికాలో ఆఫ్రికన్-అమెరికన్ యువజనులు కొందరు, వేసవి యెండలో అంతర్యుద్ధకాలపు నీలి యున్నికోటు తొడిగి, నాటి నల్లజాతి సైనికుల కవాతును, శిబిరజీవనమును, సంగ్రామమును మరల నభినయించుచున్నారు.

1863 జనవరి 1న అధ్యక్షుడు లింకను బానిసల విమోచనప్రకటనము వెలువడిన పిమ్మట, యుద్ధము ముగియులోపల సుమారు 1,80,000 మంది నల్లవారు ఉత్తరసేనలో పనిచేసిరి. మరణించిన సుమారు 40,000 మందిలో అధికసంఖ్యాకులను రోగములే పొట్టనబెట్టుకొన్నవి. నల్లవారి దళములలో మసాచుసెట్సు 54వ పదాతిదళము ప్రఖ్యాతము. బానిసత్వమునెదిరించిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లసు తన యిరువురు కుమారులను అందే చేర్చెను. 1863 జూలై 18 సాయంసమయమున, చార్లెస్టను రేవుకడ, సముద్రమునకును బురదనేలకును నడుమనున్న సన్నని యిసుకదారివెంట దక్షిణసేన వాగ్నరు కోటపైకి నడచిన సుమారు 600 మందిలో దాదాపు సగము మంది హతులో, క్షతగాత్రులో, బందీలో యైరి. దళనాయకుడు కర్నలు షా ప్రాకారముపై నొరగెను. శత్రువు లాయనను తన సైనికులతోబాటు ఒకే గోతిలో పూడ్చిరి. గాయపడియు పతాకను నేల తాకనీయక మోసితెచ్చిన విలియం కార్నీకి శౌర్యపతకము 1900లో గాని చేతికందలేదు.

ఆ కోట యున్న నేలను సముద్రము కబళించినది. షాకును 54వ దళమునకును స్మారకముగా బోస్టనులో 1897లో వెలసిన కంచుశిల్పముపై, మరణించిన నల్లసైనికుల పేర్లు చెక్కబడుటకు 1980 దశకము రావలసివచ్చెను. నేల కరగి, శిల్పము చిరకాలము పేరెత్తని వారిని ఈ యువజనులు తమ శరీరములందు నిలుపుకొనుచున్నారు. నాలుగు కిలోలకు పైబడిన తుపాకిని తొమ్మిది క్రమములలో దట్టించుట నేర్చుచు, తూటా కాగితమును పండ్లతో చించి, నాలుకకు తగులు మందు ఉప్పదనమును చవిచూచినవానికి, పుటలలోని పూర్వుడు తనయీడు పిల్లవాడై ప్రక్కన నిలుచును.

అయినను వారికి నా విన్నపమొకటి కలదు. తెల్లసైనికునికి నెలకు 13 డాలర్లు. నల్లసైనికునికి 10, అందు 3 దుస్తులకని కోత. 54వ దళమువారు ఆ జీతము ముట్టమనిరి. లోటు తాము పూరింతుమని మసాచుసెట్సు ప్రభుత్వము ముందునకు వచ్చినను, తాము కోరునది సమానత్వమేగాని సొమ్ము కాదని దానిని గూడ త్రోసిపుచ్చిరి. ఇంట ఆలుబిడ్డలు పస్తులుండ, 1864 జూన్‌లో కాంగ్రెసు సమానవేతనశాసనము చేయగా బకాయి చేతికందువరకు, సుమారు 18 నెలలు జీతములేకయే పోరాడిరి.

కోటపై దాడిని గడియలో ప్రదర్శింపవచ్చును. చూపరులు కరతాళములు చరతురు. పడినవారు లేచి దుమ్ము దులుపుకొందురు. నాటివారు లేవలేదు, కావున మరణమును మనమెన్నటికిని యథాతథముగా అభినయింపజాలము. ఆ నిరాకరణమును మాత్రము అభినయింపగలము. ఒక బల్ల, దానిపై నాణెములు, పేర్లు చదువు గుమాస్తా చాలును. పేరు వినబడిన యువకుడు ముందునకు వచ్చి, వందనము చేసి, సొమ్ము ముట్టక మరలి తన వరుసలో నిలువవలెను. అటుపిమ్మట మరియొక పేరు, మరియొక యువకుడు. మందుగుండు లేని యా ప్రదర్శనమునకు దీర్ఘకాలము పట్టును. పట్టనిండు, వారికి 18 నెలలు పట్టినది.