స్నిగ్ధత: చిన్న అంకె, పెద్ద లెక్క

(ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. అయినా ఒప్పుకున్నాను. కారణం, సైన్సు విషయంలో నేనొక తప్పు చేశాను. అది మీ ముందు చెప్పుకుంటే మీలో కొందరికైనా ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మా మనుమరాలు ప్లస్ వన్ చదివే రోజుల్లో ఒక సాయంత్రం ఫిజిక్సు రికార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు వాళ్ళు చేసిన ప్రయోగం ఆముదం స్నిగ్ధతను కనుక్కోవడం. పొడుగాటి గాజు జాడీలో ఆముదం పోసి, చిన్న ఉక్కు గుండును జారవిడిచి, రెండు గీతల మధ్య దూరం దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. ఆ వేగం నుంచి లెక్క కడతారు. పుస్తకంలో ఉన్న విలువ 0.98 పాస్కల్ సెకన్లు. అమ్మాయికి వచ్చింది 0.40.

"తాతా, సగం కూడా రాలేదు. మిగతా వాళ్ళందరూ పుస్తకంలో ఉన్నదానికి దగ్గరగా సర్దేసుకున్నారు. నేనేం రాయను?" అంది.

నేను, "మార్కులు పోగొట్టుకుంటావా? నువ్వూ అలాగే రాసెయ్" అన్నాను. రాసేసింది. రికార్డు మీద సంతకం కూడా అయిపోయింది.

బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక్క అంకె కూడా దిద్దకుండా పనిచేశానని చెప్పుకునేవాణ్ణి నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ పిల్ల పాఠ్యపుస్తకమే తీసుకుని చదవడం మొదలుపెట్టాను. తరువాత లైబ్రరీకి వెళ్ళాను. నేను తెలుసుకున్నది ఇప్పుడు మీకు చెబుతాను.

ముందు స్నిగ్ధత అంటే ఏమిటో చూద్దాం. నీళ్ళు ఒంపితే గలగలా పడతాయి. తేనె మెల్లగా సాగుతుంది. ద్రవంలో ఒక పొర పక్క పొర మీద జారుతున్నప్పుడు లోపల కలిగే నిరోధమే స్నిగ్ధత. వాడుకలో జిగట అంటాం, చిక్కదనం అంటాం. అరిసెలకు బెల్లం పాకం పట్టే అమ్మ, తీగపాకమా, ముదురు పాకమా అని వేళ్ళతో చూసేది చాలావరకు ఈ గుణాన్నే. దీనిని సాంద్రతతో కలిపివేయకండి. ఆముదం నీళ్ళకంటే ఎన్నో వందల రెట్లు జిగట గలది, కాని నీళ్ళ మీద తేలుతుంది. బరువు వేరు, జిగట వేరు. ఈ నిరోధాన్ని లెక్కలోకి తెచ్చే సూత్రానికి 1687లో ప్రచురించిన 'ప్రిన్సిపియా'లో న్యూటన్ పునాది వేశాడు.

ఇక మా అమ్మాయి ఆముదం సంగతి. స్నిగ్ధతకు వేడితో గట్టి సంబంధం ఉంది. ఆముదం 20 డిగ్రీల దగ్గర ఇంచుమించు 1 పాస్కల్ సెకను ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర అది సగానికి తక్కువ. 40 డిగ్రీలకు పావు వంతుకు దిగిపోతుంది. పుస్తకంలో ఇచ్చినది 20 డిగ్రీల విలువ. ఆ రోజు ల్యాబులో ఎంత వేడి ఉందని అడిగితే, "గోడ మీది థర్మామీటరు 32 చూపించింది తాతా" అంది. 32 డిగ్రీల దగ్గర ఆముదానికి రావలసినది సుమారు 0.39. ఆ పిల్లకు వచ్చింది 0.40!

అంటే ఆ గదిలో సరైన జవాబు తెచ్చిన పిల్ల చేత తప్పు జవాబు రాయించినది నేనే.

ఒక అంకె గురించి ఇంత పట్టుదల ఎందుకని మీరు అడగవచ్చు. ఈ స్నిగ్ధత అనే అంకె మీద ఎన్ని శాస్త్రాల లెక్కలు ఆధారపడి ఉన్నాయో చూస్తే మీకే తెలుస్తుంది.

మొదట వైద్యం. 1840 ప్రాంతంలో పారిస్‌లో పోయిజీ అనే వైద్యుడు, సన్నని నాళాలలో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలనుకున్నాడు. రక్తం గడ్డ కడుతుంది కాబట్టి వెంట్రుకలాంటి గాజు గొట్టాలలో నీళ్ళు పారించి ఓపికగా కొలిచాడు. జర్మనీలో హాగెన్ అనే ఇంజనీరు కూడా విడిగా అదే సూత్రానికి చేరాడు. స్నిగ్ధత పెరిగితే ప్రవాహం ఆ మేరకు తగ్గుతుంది. గొట్టం వ్యాసార్థం తగ్గితే మాత్రం నాలుగో ఘాతంలో తగ్గుతుంది. కామర్స్ పిల్లలకు చక్రవడ్డీ తెలుసు కదా, ఇది అంతకంటే ఘోరం. గొట్టం సగమైతే, అదే ఒత్తిడి మీద ప్రవాహం సగం కాదు, పదహారో వంతు. పదో వంతు సన్నబడినా మూడో వంతు ప్రవాహం పోతుంది. రక్తనాళాలలో కొవ్వు పేరుకుంటే డాక్టర్లు ఎందుకంత కంగారు పడతారో దీనివల్ల అర్థమవుతుంది. రక్తం నీటికంటే మూడు నాలుగు రెట్లు జిగట గలది. అందులో ఎర్ర కణాల పాలు పెరిగితే జిగట ఇంకా పెరుగుతుంది. డెంగీ జ్వరంలో నాళాల నుంచి ద్రవం బయటికి ఊరి రక్తం చిక్కబడవచ్చు. అందుకే ప్లేట్‌లెట్లతో పాటు పి.సి.వి. అనే అంకెను కూడా డాక్టర్లు పదే పదే చూస్తారు.

రెండవది భూగర్భ శాస్త్రం. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం మహారాష్ట్ర ప్రాంతంలో భూమి నుంచి లావా పొంగి దక్కన్ రాతి పొరలు ఏర్పడ్డాయి. అది బసాల్టు లావా. సిలికా తక్కువ కాబట్టి జిగట కూడా తక్కువ. అందుచేత కొండలా పేరుకుపోకుండా పల్లం వెంబడి చాలా దూరం పారింది. గోదావరికి రెండు వైపులా రాజమండ్రి దగ్గర కనిపించే నల్లరాయి కూడా అలా సుమారు 1000 కిలోమీటర్లు పారి వచ్చిన లావాయేనని పలువురు భూగర్భ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మహారాష్ట్రలోనూ, యానాంలోనూ ఉన్న మనవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి, మీ ఇద్దరినీ కలిపే రాయి అది!

గట్టిగా కనిపించే భూమి లోపలి పొర కూడా కాలం ఇస్తే పారుతుంది. మంచుయుగంలో స్వీడన్, ఫిన్లాండ్ ప్రాంతాల మీద కిలోమీటర్ల మందం మంచు పేరుకుని నేలను కిందికి అణచింది. ఆ మంచు కరిగిపోయి సుమారు 10,000 ఏళ్ళయినా, ఆ దేశాల మధ్య ఉన్న బోత్నియా సింధుశాఖ ఒడ్డున నేల నేటికీ కొన్ని చోట్ల ఏటా 9 మిల్లీమీటర్ల దాకా పైకి లేస్తోంది. ఆ లేచే తీరును బట్టి 1935లో నార్మన్ హాస్కెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త భూమి లోపలి పొర స్నిగ్ధతను లెక్క కట్టాడు. 1 పక్కన 21 సున్నాలు, అన్ని పాస్కల్ సెకన్లు. ఆముదానికీ భూగోళానికీ కొలత ఒక్కటే, సున్నాలలోనే తేడా.

మూడవది గాలి. గాలికి కూడా స్నిగ్ధత ఉంది. 1851లో స్టోక్స్ అనే గణిత శాస్త్రవేత్త, జిగట గల పదార్థంలో చిన్న గుండు ఏ వేగంతో దిగుతుందో సూత్రం ఇచ్చాడు. మా అమ్మాయి ఆముదంలో వాడినది అదే సూత్రం. మేఘాలు మన నెత్తిన ఎందుకు పడవో అదే చెబుతుంది. మిల్లీమీటరులో 50వ వంతు ఉన్న నీటి చుక్క, గాలి జిగట వల్ల సెకనుకు ఒక సెంటీమీటరు మాత్రమే దిగుతుంది. కింది నుంచి వచ్చే కొద్దిపాటి గాలి చాలు, దాన్ని నిలబెట్టడానికి.

వాయువుల స్నిగ్ధత ఒత్తిడిని బట్టి మారదని 1860లో మాక్స్‌వెల్ లెక్క చెప్పింది. పలుచని గాలిలోనూ అదే నిరోధమా అని ఆయనకే వింతగా తోచింది. అయినా లెక్కను దాచలేదు, వదలలేదు. లండన్‌లో తన ఇంటి పై అటకలోనే పరికరం పెట్టి, భార్య కాథరిన్ గదిలో వేడి నిలకడగా ఉండేలా పొయ్యి చూసుకుంటూ ఉండగా, స్వయంగా కొలిచాడు. 1866లో ఫలితం ప్రకటించాడు. లెక్క నిజమే అయింది.

ఇప్పుడు అసలు కథ. అమెరికాలో మిల్లికన్ 1909 నుంచి 1913 వరకు నూనె తుంపరలతో ఎలక్ట్రాన్ మీది విద్యుదావేశాన్ని కొలిచాడు. ఆ తుంపర ఎంత చిన్నదంటే సూక్ష్మదర్శినిలోనూ దాని వ్యాసం సరిగా కొలవలేం. కనుక అది గాలిలో దిగే వేగాన్ని చూసి, స్టోక్స్ సూత్రంతో దాని పరిమాణం, బరువు కట్టాలి. ఆ సూత్రంలో గాలి స్నిగ్ధత వేయాలి. మిల్లికన్ వేసిన అంకె అర శాతం లోపు తక్కువ. ఆ కొద్ది పొరపాటు జవాబులో ఒకటిన్నర రెట్లుగా బయటపడుతుంది. నేటి యూనిట్లలో చెబితే ఆయన విలువ 1.592, అసలు విలువ 1.602. 1923లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది, అందుకు అర్హుడే. అంకె మాత్రం ఏళ్ళ తరబడి పుస్తకాలలో అలాగే ఉండిపోయింది.

1920ల చివరలో ఎక్స్-కిరణాలతో వేరే దారిన లెక్క కట్టినవారికి ఎక్కువ విలువ వచ్చింది. రెండు ఖాతాలు టాలీ కాలేదు. ఇక్కడ నాకు బ్యాంకు గుర్తొచ్చింది. చేత్తో లెడ్జర్లు రాసే రోజుల్లో జనరల్ లెడ్జరుకూ, చిల్లర ఖాతాల మొత్తానికీ కొన్ని పైసలు తేడా వస్తే రాత్రి తొమ్మిదయినా ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. కొత్తగా చేరిన కుర్రాడు, పెద్దవాళ్ళు రాసిన పుస్తకమే సరి అయినదనుకుని తన కూడికనే మళ్ళీ మళ్ళీ చూసుకునేవాడు. చివరకు తేడా పెద్ద పుస్తకంలోనే, ఎవరూ చూడని పాత పేజీలో దొరికేది. ఇక్కడా అంతే. 1932లో జపాన్‌కు చెందిన షిబా అనే పరిశోధకుడు, తేడా గాలి స్నిగ్ధతలో ఉన్నదని ఎత్తి చూపాడు. తరువాత స్వీడన్‌లో గాలి స్నిగ్ధతను మళ్ళీ కొలిచారు. ఖాతాలు టాలీ అయ్యాయి.

మిల్లికన్ తరువాత కొలిచినవారు, తమకు ఎక్కువ విలువ వస్తే తామే తప్పు చేశామనుకుని తప్పు కోసం వెతికేవారనీ, ఆయన విలువకు దగ్గరగా వస్తే అంతగా వెతికేవారు కాదనీ ఫైన్‌మన్ 1974లో కాల్‌టెక్ పట్టభద్రుల సభలో చెప్పారు. సరిగ్గా ఆయన చెప్పిన క్రమంలోనే జరిగిందా అన్నది చరిత్రకారులు చూసుకుంటారు. మా ఇంట్లో మాత్రం సరిగ్గా అలాగే జరిగింది. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంది.

విద్యార్థులారా, మీకు నా మనవి ఒక్కటే. ప్రయోగంలో వచ్చిన అంకెను వచ్చినట్లే రాయండి. పుస్తకంతో కలవకపోతే రెండోసారి చేయండి. అప్పుడూ కలవకపోతే మూడోసారి చేయండి, పక్కన ఆ రోజు ఉష్ణోగ్రత వేయండి, తేడాకు కారణం ఏమై ఉంటుందో ఒక వాక్యం రాయండి. మీరు చేసినది తప్పే అయితే ఆ వాక్యమే తప్పును పట్టిస్తుంది. తప్పు కాకపోతే ఆ వాక్యమే మిమ్మల్ని నిలబెడుతుంది. సెలవుల్లో ఇంట్లోనే చేసి చూడండి. పొడుగాటి సీసాలో ఆముదం పోసి, సైకిలు షాపులో దొరికే చిన్న ఉక్కు గుండును వేసి ఎన్ని సెకన్లలో దిగిందో చూడండి. తరువాత ఆ సీసాను వేడినీళ్ళ గిన్నెలో కాసేపు నిలబెట్టి మళ్ళీ చూడండి. తేడా మీ కంటికే కనబడుతుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. మనలో చాలామందిమి పొట్ట చేతబట్టుకుని ఇతర రాష్ట్రాలలో స్థిరపడినవాళ్ళ సంతానం. మార్కులు పోతే ఏమవుతుందోనన్న భయం నాకు తెలుసు, ఆ భయమే ఆ రోజు నా చేత ఆ మాట అనిపించింది. రెండు మార్కులు పోతే వచ్చే పరీక్షలో తెచ్చుకోవచ్చు. తన కళ్ళతో చూసినదాన్ని తానే నమ్మకపోవడం పిల్లకు అలవాటైతే, దాన్ని మాన్పించడం కష్టం.

మా మనుమరాలిని కూర్చోబెట్టి, "అమ్మా, నీ రీడింగే సరైనది, తప్పు చెప్పింది నేనే" అన్నాను. అది నవ్వి, "అయితే ఇప్పుడేం చేద్దాం తాతా?" అంది. మర్నాడు రికార్డు తీసుకుని వెళ్ళి టీచరుగారికి జరిగినదంతా చెప్పింది. ఆవిడ కోప్పడలేదు. ఆ పేజీ కొట్టేయించి, పక్క పేజీలో 0.40 రాయించి, దాని పక్కన 32 డిగ్రీలు అని వేయించి, మళ్ళీ సంతకం పెట్టారు. ఆ పేజీ మా ఇంట్లో భద్రంగా ఉంది.