దీపం ఉండగానే

 

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి అని మన పెద్దలు అంటారు. ఈ రోజు ఆ మాట గురించే మాట్లాడుకుందాం. తుపాను వస్తే కరెంటు పోతుంది. అది పోకముందే మనం ఏం చేసుకోవాలి?

మనం గోదావరి చివర ఉన్నాం. పక్కనే సముద్రం. అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే మనకు గాలివాన భయమే. 1996 నవంబరు 6 మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి పెద్ద తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి. కోనసీమలో కొబ్బరి తోటలు నేలకు ఒరిగాయి. చెట్లు తీగల మీద పడ్డాయి. కరెంటు స్తంభాలు విరిగాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి.

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తుపానును ఆపడం మన చేతిలో లేదు. కాని ఇప్పుడు దాని కబురు రెండు మూడు రోజుల ముందే మన ఇంటికి వస్తోంది. ఆ రెండు మూడు రోజులు మాత్రం మన చేతిలోవే.

కరెంటు పోతే మనకు ముందుగా ఏం లేకుండా పోతుంది? వెలుతురు అంటారు కదూ! ఒక్కసారి ఆలోచించండి. మోటారు తిరగదు. ట్యాంకు నిండదు. కుళాయి రాదు. చీకట్లో ఒక రాత్రి ఎలాగో గడుపుతాం. చంటిబిడ్డతో నీళ్లు లేకుండా ఒక పూట గడపగలమా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. అంత పెద్ద నగరంలోనూ కరెంటు లేక నీళ్లకు కటకటలాడారు. ఇక ఉప్పెన వస్తే మన చెరువుల్లోకి ఉప్పునీరు చేరుతుంది. అందుకే మొదటి పని నీళ్లు.

ఒక లెక్క వేద్దాం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 3 లీటర్లు అనుకోండి. ఇంట్లో ఐదుగురు ఉంటే రోజుకు 15 లీటర్లు. మూడు రోజులకు 45 లీటర్లు. మీ బిందె ఎన్ని లీటర్లు పడుతుంది? లీటరు సీసాతో కొలిచి చూడండి. అప్పుడు ఎన్ని బిందెలు కావాలో మీకే తెలుస్తుంది. బిందెలు తోమి, నింపి, మూతలు పెట్టండి. గిన్నెలు తోమడానికి, దొడ్డికి వాడుకోవడానికి డ్రమ్ముల్లో వేరే పట్టుకోండి. తుపాను తరవాత దొరికే నీళ్లు బాగా మరగబెట్టి చల్లార్చి తాగండి. క్లోరిన్ బిళ్లలు ఇస్తే, ఎంత నీటికి ఎన్ని వెయ్యాలో పొట్లం మీద రాసి ఉంటుంది. చదివి వెయ్యండి.

రెండో పని తిండి. మిక్సీ తిరగదు. గ్రైండరు తిరగదు. కారం, పొడులు ముందే కొట్టి ఉంచుకోండి. అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగ గుళ్లు డబ్బాలో పోసి ఎత్తుగా పెట్టండి. పొయ్యి వెలగకపోయినా పిల్లల కడుపు నిండుతుంది. ఫ్రిజ్జులో ఉన్నవి ముందు వండేయండి. వాసన మారినవి పారెయ్యండి.

మూడో పని వెలుతురు. టార్చిలైటు ఒకే మేకుకు తగిలించండి. చీకట్లో చెయ్యి చాచితే అందాలి. కొవ్వొత్తి అయితే ఇసక పోసిన పళ్లెంలో నిలబెట్టండి. దోమతెరకు, చీరల దండేనికి దూరంగా పెట్టండి. దీపం ఆర్పకుండా నిద్రపోవద్దు. జనరేటరు ఉన్నవాళ్లు దాన్ని ఇంట్లో నడపకండి. ఆ పొగలో ఉండే విషానికి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నాలుగో పనికి మీరు నేర్చుకున్న చదువు కావాలి. సెల్‌ఫోను ముందుగా ఛార్జింగు పెట్టుకుంటాం. అయినా ఒకటి రెండు రోజుల్లో అది ఆగిపోతుంది. అందులో ఉన్న నంబర్లు కూడా దానితోనే పోతాయి. అందుకని ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకోండి. అంబులెన్సు 108. కరెంటు ఆఫీసు 1912. మీ అన్నదమ్ముల నంబరు, ఆశా కార్యకర్త నంబరు రాయండి. కరెంటు బిల్లు తీసి చూడండి. దాని మీద సర్వీసు నంబరు ఉంటుంది. అదీ రాయండి. ఫోను చేస్తే ముందు అదే అడుగుతారు. ఆ కాగితం, రేషను కార్డు, ఆధారు కార్డు, పాసు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో మూట కట్టండి. సెల్లులు వేసిన చిన్న రేడియో ఉంటే ఇంకా మంచిది. టవరు పనిచేయకపోయినా రేడియోలో కబురు వినవచ్చు.

ఇంట్లో షుగరు మనిషి ఇన్సులిన్ వేసుకుంటున్నారా? ఫ్రిజ్జు ఆగితే దాన్ని ఎలా ఉంచాలో డాక్టరును ఇప్పుడే అడగండి. రోజూ వేసుకునే మాత్రలు వారానికి సరిపడా తెచ్చుకోండి.

ఇక అన్నిటికంటే పెద్ద సంగతి. గాలి తగ్గుతుంది. తెల్లవారుతుంది. రాలిన కొబ్బరికాయల కోసం, మట్టల కోసం గబగబా బయటికి వెళతాం. ఆ నీళ్లలో తెగిన కరెంటు తీగ ఉంటే? అది నీళ్లలో కనిపించదు. ఊరంతా చీకటిగా ఉన్నా తీగలో కరెంటు ఉండవచ్చు. గాలివానకు బతికిన మనిషిని తీగ చంపుతుంది. తెగిన తీగ కనిపిస్తే దగ్గరకు వెళ్లకండి. కర్రతో కూడా కదపకండి. పిల్లలను, పశువులను అటు పోనివ్వకండి. ఒకరు దూరంగా కాపలా ఉండండి. ఒకరు 1912కు చెప్పండి. ఎవరికైనా షాకు కొడుతుంటే చేత్తో పట్టుకుని లాగకండి. మీ ప్రాణమూ పోతుంది. ఇంట్లో అయితే ముందు మెయిన్ ఆపండి. స్తంభానికి గేదెను కట్టకండి. ఇనుప తీగతో దండెం కట్టకండి.

ఇంట్లోకి నీళ్లు వచ్చేలా ఉంటే, రాకముందే మెయిన్ ఆపండి. నీళ్లలో నిలబడి స్విచ్చి ముట్టుకోవద్దు. టీవీ, ఫ్రిజ్జు ప్లగ్గులు పీకేయండి. కరెంటు వచ్చాక ఒక్కొక్కటే పెట్టుకోండి. ఇల్లు తడిసి ఉంటే కరెంటు పనివాడు చూసేదాకా మెయిన్ వెయ్యకండి.

"ఇన్ని పనులు నేనొక్కదాన్నే చెయ్యాలా?" అంటారేమో. అక్కర్లేదు. మోసే బిందెలు మగవాళ్లకు చెప్పండి. నంబర్లు రాసే పని బడికెళ్లే పిల్లకు చెప్పండి. పొదుపు సంఘం సమావేశంలో ఈ సంగతి ఎత్తండి. మన వీధిలో నెలలు నిండిన గర్భిణి ఎవరు? ఒంటరి ముసలమ్మ ఎవరు? మంచం దిగలేని మనిషి ఎవరు? పేర్లు రాసుకోండి. తుపాను కబురు రాగానే ఒక్కొక్కరి ఇంటికి ఒక్కొక్కరు వెళ్లండి. వాళ్లను మేడ ఇంటికో, తుపాను షెల్టరుకో పగటిపూటే చేర్చండి.

ఈ సాయంత్రం ఇంటికి వెళ్లగానే రెండు పనులు చెయ్యండి. బిందె కొలవండి. నంబర్లు రాయండి. రేపు సమావేశానికి ఆ కాగితం తీసుకురండి. ఒకరిది ఒకరు చదివి తప్పులు సరిచూసుకుందాం.

సెలవు.