కంప్యూటరుకు జ్వరమా?



మా మనవడు విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే కంప్యూటరు బిగించి ఇచ్చి వెళ్ళాడు. అందులో ప్రాసెసరు వేడి చూపే అంకె 42 నుంచి 68కి ఎగిరి, రెప్పపాటులో 45కి దిగేది. ఒక దుకాణదారుకు చెబితే ప్రాసెసరే మార్చాలన్నాడు. డబ్బు జేబులో పెట్టుకుని బయలుదేరాను కూడా!

ప్రాసెసరులోని సిలికాన్ ముక్క గోరంతే. పోపు గరిటెలాగా క్షణంలో కాగుతుంది, క్షణంలో చల్లారుతుంది. దానిపై అల్యూమినియం దిమ్మ నీళ్ళ గుండిగలాగా నిదానం. మనం ఊరకే కూర్చున్నా వెనకాల వైరస్ పరీక్షలూ, అప్‌డేట్లూ నడుస్తూనే ఉంటాయి. అంకె ఎగరడం అందుకే.

ఇంకొక మాట. ఇంటెల్ వారి చిప్పుల్లో సెన్సరు డిగ్రీలు నేరుగా చెప్పదు. గరిష్ఠ హద్దుకు (చాలావాటికి 100) ఎంత దూరంలో ఉన్నదీ చెబుతుంది. హద్దు దగ్గర ఆ లెక్క నమ్మవచ్చు. చల్లగా ఉన్నప్పుడు ఉజ్జాయింపే.

ఫ్యాను గది గాలికన్నా చల్లబరచలేదు. మన పామర్రులో జనవరిలో 25 డిగ్రీలున్న గది మే నెలలో 40 అయితే, అదే పనికి అంకె సుమారు 15 పెరుగుతుంది. అది జబ్బు కాదు.

పని లేకుండానే 80 దాటి దిగకపోతే మాత్రం చూడాలి. 100 దగ్గర అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మరీ మించితే ఆగిపోతుంది. ప్లగ్గు తీసి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని దుమ్ము దులపండి. తగ్గకపోతే థర్మల్ పేస్టు మార్పించండి.

నేను బ్రష్షుతో దులిపి, ఇరవై నిమిషాలు ఏకధాటిగా పని పెట్టాను. 66 దగ్గర నిలబడింది. డబ్బు ఇంకా జేబులోనే ఉంది. నెలవారీగా అంకెలు రాసుకున్న నోటుపుస్తకం తెచ్చాను, టీ వేళ చూడవచ్చు. సెలవు.