చిన్న పరిశ్రమలకు పరిశోధన గ్రాంటు - ఫలితం కొలిచేదెలా?

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాల్లో వెన్న శాతం చూసే యంత్రాలు, పశువులకు వాడే మందులు, వీటిలో కొన్నింటిని తయారు చేసేది చిన్న పరిశ్రమలే. కొత్త వస్తువు కనిపెట్టడానికి అలాంటి వాటికి ప్రభుత్వం సాయం చేస్తుంది. మన దేశంలో బయోటెక్నాలజీ శాఖ 2005లో ఇందుకొక పథకం పెట్టింది. 2012లో బైరాక్ అనే సంస్థను నెలకొల్పింది. ఆ సొమ్ము ప్రజలది. దానివల్ల ఏం ఒరిగిందని అడగడం మన హక్కు.

అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఇది: ఇన్ని కంపెనీలకు ఇచ్చాం, ఇన్ని బాగుపడ్డాయి. ఈ లెక్క చాలదు. ఒక సంఘం బాగా పాలిచ్చే గేదెలకే దాణా పంచిందనుకోండి. ఏడాది తిరిగాక ఆ గేదెలే ఊళ్లో ఎక్కువ పాలిస్తున్నాయి. అది దాణా గుణమా, గేదె గుణమా? తేలాలంటే దాణా అందని గేదె పక్కన పెట్టి చూడాలి. వట్టిపోయినదాని పక్కన కాదు. అదే ఈతలో ఉండి, అంతే పాడి ఉండి, బస్తా అందకుండా పోయినదాని పక్కన.

అమెరికాలో ఇలాగే చూశారు. అక్కడ 1982లో చట్టం చేసి, పెద్ద పరిశోధన బడ్జెట్లున్న ప్రభుత్వ శాఖలు అందులో కొంత శాతం చిన్న కంపెనీలకు కేటాయించాలన్నారు. వ్యవసాయ శాఖ కూడా ఈ పథకంలో ఉంది. మొదటి విడత చిన్న మొత్తం, ఆలోచన పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి. రెండో విడత పెద్దది.

జోష్ లెర్నర్ 1999లో గ్రాంటు పొందిన కంపెనీలను వాటికి దీటైన ఇతర కంపెనీలతో పోల్చారు. పొందినవి వేగంగానే పెరిగాయి, కానీ పెట్టుబడిదారులు మెండుగా ఉన్న ప్రాంతాల్లోనే. స్కాట్ వాల్‌స్టెన్ 2000లో ఇంకొక సంగతి బయటపెట్టారు: గ్రాంటు వచ్చినంత మేర కంపెనీలు తమ సొంత పరిశోధన ఖర్చు తగ్గించుకున్నాయట! దాణా ఉచితంగా వచ్చిందని ఇంట్లో తవుడు పెట్టడం మానేసినట్టు.

అన్నిటికన్నా నాకు నచ్చింది సబ్రినా హోవెల్ 2017లో ప్రచురించిన పరిశీలన. ఇంధన శాఖ అధికారులు అర్జీలకు వరుస సంఖ్యలు వేస్తారు. ఆమె గీతకు కాస్త పైన నిలిచిన వారిని, కాస్త కింద మిగిలిపోయిన వారిని పోల్చారు. వారి మధ్య తేడా బహు స్వల్పం కదా! మొదటి విడత అందుకున్నవారికి బయటి పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపయింది. పెద్దదైన రెండో విడతతో అంత మేలు కనబడలేదు. అంటే అదే సొమ్మును చిన్న గ్రాంటులుగా ఎక్కువమందికి ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

ఇలా కొలవాలంటే తప్పిపోయిన వారి అర్జీలు, వారికి వేసిన మార్కులు కూడా భద్రంగా ఉండాలి. గెలిచినవారి జాబితా ఒక్కటే దాస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. మన మహాజన సభల్లో తీర్మానం చేసి పంపవలసిన కోరిక ఇదే. కొత్త పరీక్షా యంత్రం ఏదైనా ప్రయోగానికి మన దగ్గరకు వస్తే, యంత్రం పెట్టని పొరుగు సంఘం రిజిస్టరు కూడా అదే తేదీ నుంచి రాయించండి.