గుండెపోటు - గ్రామపెద్దల కర్తవ్యము



ఆసుపత్రిలో గుండెజబ్బుల వార్డునందు పరుండినవారు ఎవరు, ఏ వయస్సువారు, ఏ వేళకు అచ్చటికి చేరినారు అను సంగతులను వరుసగా వ్రాసికొన్నచో, మనము నేర్చుకొనదగిన పాఠములు అందు పెక్కు కలవు. నేడు వానిని గూర్చి మనవి చేసెదను.

పూర్వము ఆ మంచములపై పిల్లలును, యౌవనవంతులును హెచ్చుగా కనబడుచుండిరి. బాల్యమున గొంతునొప్పి వచ్చును. కొన్ని వారములకు జ్వరముతో కీళ్లు ఒకదాని వెంట నొకటి వాచును. కీళ్లు బాగుపడును గాని లోపల గుండెకవాటములు చెడును. 1951 మొదలు 1955 వరకు ఢిల్లీలోని గుండెరోగులను పరిశీలించిన డాక్టరు ఎస్. పద్మావతి గారికి ఈ జబ్బే ప్రధానముగా కనబడినది. ఇది నేటికిని సమసిపోలేదు. కావున పిల్లల గొంతునొప్పిని, కీళ్లవాపును ఉపేక్షింపరాదు. డాక్టరు పెనిసిలిన్ సూదిని మూడు నాలుగు వారముల కొకసారి ఏండ్ల తరబడి వేయించుకొనుమన్నచో మధ్యలో మానరాదు.

ఇప్పుడు ఆ మంచములపై అధికముగా నున్నవారు ఇల్లు నడుపు మధ్యవయస్కులు. వారి జబ్బు గుండెకు నెత్తురు నందించు నాళములు మూసికొనుట. ఇది పట్టణముల వ్యాధి యనుకొనరాదు. 2003-2004లో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక యేడాది మరణములను విచారింపగా, నూటికి 32 గుండెజబ్బు, పక్షవాతము మున్నగు రక్తప్రసరణ వ్యాధుల వలన కలిగినవే.

ధనికుల వ్యాధి యనుటయు పొరపాటే. మన దేశమున 50 నగరములలోని 89 ఆసుపత్రులలో చేరిన 20,468 మంది రోగుల వృత్తాంతము 2008లో ప్రకటింపబడినది. వారి సగటు వయస్సు 57 ఏండ్లు. నూటికి 40 మంది పొగత్రాగువారు, 38 మందికి రక్తపోటు, 30 మందికి మధుమేహము. నూటికి 70 మందికి పైగా బీదలు, దిగువ మధ్యతరగతివారు. ముప్పది దినములలో మరణించినవారు ధనికులలో నూటికి 5.5, బీదలలో 8.2. చికిత్సలోని తేడాను లెక్కలోనికి తీసికొన్నచో ఈ వ్యత్యాసము మాసిపోయినది. అనగా ఆ బీదలకు హాని చేసినది చికిత్స సరిగా అందకపోవుటయే.

మరియొక సంగతి వినుడు. నాళము పూర్తిగా మూసికొని తీవ్రమైన పోటు వచ్చినవారిలో సగముమందికి ఆసుపత్రి చేరుటకే 6 గంటలు, అంతకు మించియు పట్టినది. చేరిన పిమ్మట గడ్డను కరగించు సూదిమందు వేయుటకు సుమారు 50 నిమిషములే పట్టినది. కాలువ పూడి నీరందని మడిలో పైరు ఎండునట్లు, నెత్తురందని గుండెకండ నిమిషనిమిషమునకు చచ్చుచుండును. ఎండిన పైరునకు తరువాత నీరు పెట్టినను చిగుర్చునా?

మన ఎర్రగుంట్లనే చూడుడు. కడప సుమారు 40 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు ఇంకను చేరువ. ప్రయాణమునకు గంట చాలును. తక్కిన గంటలు ఎచ్చట పోవును? ఇంటిలోనే! వాయువని సోడా త్రాగింతురు, వాము నమిలింతురు; తెల్లవారనిమ్మందురు; డబ్బు సమకూర్చుకొందురు; పెద్దలు వచ్చి చెప్పువరకు వేచియుందురు. ఆ పెద్దలు మీరే గదా!

కావున మీ నోటినుండి రావలసిన మాట ఒక్కటే: "ఇప్పుడే బయలుదేరుడు." రొమ్ము నడుమ బరువు, బిగింపు, మంట, ఎడమచేతికో దవడకో వీపునకో ప్రాకు నొప్పి, చలిచెమట, ఆయాసము, వాంతి - ఇవి గుర్తులు. స్త్రీలకును, మధుమేహము గలవారికిని నొప్పి స్వల్పముగా నుండి, ఆయాసమో నీరసమో మాత్రమే కనబడవచ్చును. రోగిని నడిపింపక, మోటారుసైకిలుపై ఎక్కింపక, 108కి ఫోను చేయుడు. ఈసీజీ తీయగల, ఆ సూదిమందు వేయగల ఆసుపత్రి చేరువలో ఏదియో నేడే విచారించి, పంచాయతీ గోడపై వ్రాయింపుడు. చుట్ట, బీడీ మాన్పింపుడు. నలుబది దాటినవారికి ఏటేట రక్తపోటును, చక్కెరను పరీక్ష చేయింపుడు.

గొంతునొప్పినాడు ఒక తల్లి చూపు శ్రద్ధ, రొమ్మునొప్పి రాత్రి ఒక పెద్ద చెప్పు మాట - ఈ రెండిటితో ఎన్నో ప్రాణములు నిలుచును. మీ మాటకు ఊరిలో విలువ కలదు. దానిని వేళకు వాడుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.