నల్ల నల్లిని గుర్తించుట



పైరులో నల్లని పురుగు కనబడినంతనే మందు చల్లుట పలుచోట్ల వాడుకైనది. ఆ మందు శత్రువును చంపుచున్నదో, మిత్రునే చంపుచున్నదో ముందుగా తెలిసికొనవలెనని మా మనవి. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామము ప్రకటించిన సంగతి మీరెరుగుదురు. అట్టి సీమలో వృథా ఖర్చు చిన్న విషయము కాదు.

వరిని పట్టు నల్ల నల్లి ఏటేటా వచ్చునది కాదు. విజృంభించినచో మళ్ళను ఎండగొట్టును. ఇది వడ్లగింజయంత, అనగా 8, 9 మిల్లీమీటర్ల పొడవుండును. వన్నె నలుపు లేక ముదురు గోధుమ. నలిపినచో కంపుకొట్టును. పగటివేళ దుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా దాగియుండును. నీరు తీసిన మడిలో నేల నెర్రెలలో దూరును. అందుచే గట్టుపై నిలిచి చూచువారికి కనబడదు. క్రింది ఆకులపై వరుసలుగా పెట్టిన గ్రుడ్లకు తల్లి కాపుండును; కావున గ్రుడ్లు దొరకినచోట తల్లియు దొరకును.

నేలపై తిరుగు నల్లని పెంకుపురుగులు వేరు. వానిలో పలుజాతులు పైరు పురుగులను తిని రైతుకు మేలుచేయును. భేదము తెలియుటకు వీపు చూడుడు. రెండు రెక్కపెంకులు నడుమ తిన్నని గీతగా కలిసికొన్నచో అది పెంకుపురుగు. గీతలేక, డాలువంటి ఒకే పలక తోకవైపు సాగియున్నచో అది నల్లి. పిదప వెలికిల త్రిప్పుడు. పెంకుపురుగుకు కొరుకు దవడలుండును. నల్లికి తలక్రింద మడిచిన సూదివంటి ముక్కుండును. దానితో కాండము రసమును పీల్చుటచే పిలకదశలో మొవ్వు ఎండును, తరువాత తాలుకంకులు వచ్చును.

పున్నమికి ముందువెనుకల రాత్రులలో ఈ నల్లి దీపములకు మూగును. వీధిదీపముల క్రింద చూచుట పంచాయతీకి సులభమైన పని. కనబడినచో మరునాడు పొలములో 20 దుబ్బుల మొదళ్ళు విడదీసి లెక్కించుడు. ఆ లెక్కను, సీసాలో నాలుగు పురుగులను గ్రామ వ్యవసాయ సహాయకునికి చూపుడు. 1925లో వెలసిన మార్టేరు వ్యవసాయ పరిశోధనా స్థానము మనకు గోదావరి ఆవలనే యున్నది.

గట్ల గడ్డి కోయించుట, కోత పిదప మోళ్ళు దున్నించుట, మందు చల్లని మళ్ళలో బాతులను వదలుట తక్కువ ఖర్చుతో అగు పనులు. ఊరికి నలుగురైనను ఈ నల్లిని గుర్తుపట్ట నేర్చినచో, అవసరములేని మందు మన కాలువలలో కలియదు, రైతు చేతి డబ్బు చేతిలోనే నిలుచును.